వేట తప్పిన కారణం

ఆ అడవిలో జీపులు నడిపేవాళ్ళంతా అతన్ని లెక్కలాయన అనేవారు. చిరుత ఎన్నింటికి పొంచింది, ఎంత దూరం నుంచి దూకింది, జంతువు దొరికిందా, దొరక్కపోతే ఎందుకు దొరకలేదు, ఇవన్నీ ఫారంలో నింపడమే అతని ఉద్యోగం. అప్పటికి రెండు వందల పన్నెండు వేటలు చూశాడు. జింకపిల్ల కళ్ళముందే గిలగిల కొట్టుకుంటున్నా, తాపీగా టైము రాసుకునేవాడు.

అతని జీపు నడిపేది అక్కడి ఆఫీసరుగారి అమ్మాయి. మొదటిరోజే గొడవ. పెన్సిలు చెక్కి పొట్టంతా జీపులో పోశాడని, బ్రష్షు చేతికిచ్చి అతనితోనే ఊడ్పించింది. అడవిలో నోరు విప్పకూడదు కాబట్టి, ఆ తర్వాత నాలుగు నెలలూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చీటీల మీద పోట్లాడుకున్నారు. ఆ చీటీలు అతను ఒక్కటీ పారెయ్యలేదు. ఎందుకని తనను తాను అడగనూ లేదు.

ఆ రోజు సన్నగా వాన పడి వెలిసింది. ఆడచిరుత పొట్ట నేలకానించి గడ్డిలో ఒక్కో అడుగే వేస్తోంది. ఎదురుగా జింక తల వంచి మేస్తోంది. ముప్పై అడుగులు, ఇరవై అడుగులు. అతని బొటనవేలు స్టాప్‌వాచీ మీద ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె అతని రెండో చెయ్యి పట్టుకుంది.

"అమ్మో" అన్నాడు. గొణగడం కాదు, వెళ్ళిపోతున్న బస్సును ఆపుతున్నట్టు గట్టిగా అన్నాడు.

జింక ఒక్క గెంతులో మాయమైంది. చిరుత లేచి, జీపు వైపు ఓసారి చూసి, తన దారిన తను పోయింది.

చప్పుడు చేసి వేట చెడగొట్టిన పరిశీలకులు ఆ సీజనంతా మళ్ళీ జీపెక్కకూడదని అక్కడి నియమం. ఎక్కకపోతే అతని పని సగంలో ఆగిపోతుంది, తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే.

తన మోచెయ్యి తగిలి హారన్ మోగిందని రాసెయ్యమంది ఆమె. "నన్నయితే వారం రోజులు టికెట్ల దగ్గర కూర్చోబెడతారు, అంతేగా."

"జరగనిది రాయలేనండీ."

మీ నిజాయితీ తగలెయ్య అని జీపు తిప్పింది.

కారణం అన్న గడిలో అతను ఇలా రాశాడు: 'డ్రైవరు భయంతో చెయ్యి పట్టుకోవడం వల్ల పరిశీలకుడు అరిచాడు.' దాని మీద సంతకం చెయ్యాల్సింది ఆమె తండ్రే అన్న సంగతి, ఆయన బల్ల ముందు నిలబడ్డాక గానీ అతని బుర్రకెక్కలేదు.

ఆఫీసరుగారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "చెయ్యి పట్టుకుంటే అరవడమేమిటయ్యా? తేలేమైనా కుట్టిందా?"

"లేదండీ. ఎప్పటికీ జరగదనుకున్నది జరిగేసరికి నోరు ఆగలేదు."

"ఈ మాట మా అమ్మాయితో చెప్పావా?"

"లేదండీ. ముందు మీకే చెప్పినట్టున్నాను."

ఆయన తలుపు వైపు చూశారు. జీపు తాళాలు ఇవ్వడానికి వచ్చి ఆమె అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. ఉద్యోగం పోతే పోయింది, ఈ అమ్మాయి కాదంటే మాత్రం తట్టుకోలేనని అతనికప్పుడు తెలిసొచ్చింది.

ఆమె ఫారం అందుకుని చదివి, మొహం చిట్లించింది.

"పదేళ్ళ వయసు నుంచీ వేటలు చూస్తున్నాను. నేను భయపడ్డానని మీకెవరు చెప్పారు?"

తండ్రి చేతిలోంచి పెన్ను లాక్కుని 'భయంతో' అన్న మాట అడ్డంగా కొట్టేసింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది నాన్నా. సంతకం పెట్టండి."

ఆయన ఫారం తన వైపు లాక్కున్నారు. నియమం నియమమే, రేపటి నుంచి జీపెక్కడానికి వీల్లేదన్నారు. ఆనక సంతకం పెట్టి, ఓ తెల్లకాగితం అతని ముందుకు తోసి, మీ పెద్దవాళ్ళ ఫోను నంబరు రాయమన్నారు.

లెక్కలాయన రెండుసార్లు తప్పు రాసి, మూడోసారికి సరిగ్గా రాశాడు.