తొక్కలో ఫార్ములా

"చూడు నక్కా, ఊరి నీళ్ళలో సీసం కలిసింది," అన్నాడు బాస్. "మన డాక్టరమ్మ విరుగుడు కనిపెట్టింది. అరటి తొక్క."

"తొక్కా?" అన్నాడు ఏజెంట్ నక్క.

"ఎండబెట్టి, పొడికొట్టి, నీళ్ళలో కలిపి గుడ్డతో వడగట్టు. సీసం దానికి అతుక్కుని వచ్చేస్తుంది. పన్నెండింటికి రేడియోలో అందరికీ చెప్పేస్తాం, ఆ తర్వాత ఎవడికీ పేటెంట్ దక్కదు. ఈలోపు విదేశీ ముఠా పేటెంట్ కొట్టేసిందా, గ్లాసు నీళ్ళకి వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. వాళ్ళకెంత తెలిసిందో కనుక్కురా. లోపల మన మనిషొకరున్నారు. 'ఎండ బాగా కాస్తోంది' అన్నవాళ్ళే మనవాళ్ళు."

ఆ నీళ్ళు తాగే నక్క మేనకోడలు ఆసుపత్రి పాలైంది. పరుగున వెళ్ళాడు.

ప్లంబర్ వేషం. పెన్నులో కెమెరా, బూటులో కత్తి, బొత్తాంలో మైకు. ఏం లాభం? రెంచీ తలకిందులుగా పట్టుకుని దొరికిపోయాడు. పదకొండున్నరకల్లా, బొత్తాం తప్ప, పెట్టుడు గడ్డంతో సహా అన్నీ బల్లమీదున్నాయి, నక్క కుర్చీకి కట్టేసి ఉన్నాడు. పైగా నిజం కక్కించే సూది పొడిచారు.

ముఠా నాయకుడు బట్టతల, పేటెంట్ ఆఫీసుకి ఫోన్ కలిపి పట్టుకుని, తన భాషలో అరిచాడు. పక్కనున్న దుబాసీ గులాబీ, చూస్తే కళ్ళు తిప్పుకోలేని మనిషి, తెలుగులో అడిగింది. "ఫార్ములా ఏంటోయ్?"

నక్క నాలుక కరుచుకున్నాడు. పదమూడో ఎక్కం అప్పజెప్పాడు. నోరు వింటేగా!

"తొక్క!"

అయిపోయింది, ఊరు మునిగిందనుకున్నాడు. గులాబీ బట్టతల చెవిలో ఏదో చెప్పింది. నక్క చెంప ఛెళ్ళుమంది.

"మర్యాదగా చెప్పు, ఫార్ములా ఏంటి?"

"అరటి తొక్క! మా మేనకోడలికి నీళ్ళు వడగట్టాలి! నువ్వు చాలా అందంగా ఉన్నావు!" ఆపుకుందామన్నా ఆగడంలేదు. రెండో చెంప కూడా వాచింది.

పన్నెండుకి ఒక్క నిమిషం. బట్టతలకి అనుమానమొచ్చి జేబులోంచి నిఘంటువు తీశాడు. బట్టతల వేలు 'తొక్కు' దగ్గర ఆగింది: 'కాలితో అణచు'. అదేదో సవాలనుకుని, నక్క పాదమ్మీద బూటుకాలితో ఒక్క తొక్కు తొక్కాడు.

"అమ్మా!" అన్న కేక బొత్తాం మైకులోంచి, బయట కాచుకున్న బాస్ చెవిన పడింది. అదే క్షణాన పక్కింటి రేడియో పన్నెండు కొట్టి, తొక్క కథంతా ఊరికి చెప్పేసింది.

తలుపు బద్దలైంది. బట్టతల చేతులెత్తాడు. గులాబీ తాళ్ళు విప్పుతూ అంది, "ఎండ బాగా కాస్తోంది."

"నువ్వా? మరి నేను నిజం చెబితే..."

"తిడుతున్నావని చెప్పా. పద, మీ మేనకోడలికి నీళ్ళు వడగట్టాలి."

బాస్ కుంటుతున్న నక్కని చూసి, "వాడు నక్కనే తొక్కాడు కదయ్యా, అదృష్టం ఎందుకు కలిసిరాలేదు?" అన్నాడు.

"తోక తొక్కాలి సార్. వాడు కాలు తొక్కాడు."