షర్క్ మేడ మీద గోధుమ వడియాలు

రెండు రోజులు కొట్టిన ఇసుకగాలి తెల్లవారేసరికి ఆగిపోయింది. ఆకాశం తోమి బోర్లించిన పళ్లెంలా ఉంది. మబ్బు లేదు, మసక లేదు. సముద్రం వైపు నుంచి సూర్యుడు పైకి వస్తూనే ఎండ చురుక్కుమంది. వంటింటి కిటికీలోంచి ఆ ఎండను చూసి, ఇంత ఎండా ఊరికే పోతోందే అనుకుంది సూరాయమ్మ.

ఆవిడ కోనసీమ నుంచి కువైట్ వచ్చి వారం కాలేదు. కోడలు నాగదుర్గకు ఏడో నెల. దుర్గకు తల్లి లేదు. అందుకని కొడుకు నాగేంద్రబాబు తల్లికి విజిట్ వీసా తీసి రప్పించుకున్నాడు. అతను షర్క్ చేపల మార్కెట్లో ఐసు మిషన్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. మార్కెట్ దగ్గరని ఈ పాత బిల్డింగులో వాటా తీసుకున్నాడు. చీకటితో వెళ్తే సాయంత్రానికి వస్తాడు.

ఈ ఇంట్లో సూరాయమ్మకు అంతుపట్టనివి రెండు. వంటింట్లో కుక్కర్ లేదు. దుర్గ పప్పు గిన్నెలోనే ఉడకేస్తుంది. స్నానాల గది పక్కనున్న సామాన్ల గదికి ఎప్పుడూ తాళం. అడిగితే "కంపెనీ సామానమ్మా" అన్నాడు కొడుకు. ఆ తలుపు సందులోంచి పుల్లటి వాసన వచ్చేది. అటు నడిచేటప్పుడు దుర్గ ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఆ ఉదయం ఆ గదికి తాళం లేదు.

చీపురు కోసం సూరాయమ్మ తలుపు తోసింది. మూలన నీలం డ్రమ్ము, దాని మీద తడి గోనెపట్టా. పట్టా తీసి చూస్తే గోధుమలు. పైన నురగ కట్టింది. ఆవిడ ఓ గింజ తీసి వేళ్ల మధ్య నలిపింది. తోలు ఊడొచ్చింది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"దుర్గా! ఈ గోధుమలు వడియాలకేనా అమ్మా?"

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. కోడలికి వికారం పెట్టిందేమో అనుకుందావిడ.

"అవునత్తయ్యా," అంది దుర్గ కాసేపటికి.

"మరి చెప్పవే! పులిసిపోయాయివి. ఇంకో పూటుంటే పెంటలో పొయ్యడమే. అయినా ఇన్నెవరు నానబోశారే? ఊరందరికీ పంచుతారా ఏంటి?"

"మీ అబ్బాయేనండీ."

"అనుకున్నా. మగాళ్లకి కొలతా పాడా?" సూరాయమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుంది. "ఈ పుల్లనీళ్లు పారబోసేస్తున్నానే."

"పారబోసెయ్యండి," ఈసారి వెంటనే వచ్చింది జవాబు.

ఆవిడ చెంబుతో ముంచి ముంచి ఆ నీళ్లన్నీ తూములో పోసింది. గింజల్ని మళ్లీ మళ్లీ కడిగింది. దుర్గ పీట వేసుకుని మిక్సీలో రుబ్బింది. గుడ్డలో వేసి పిండితే పాలు రావాల్సినంత చిక్కగా రాలేదు. సత్తువంతా నీళ్లలోకే దిగిపోయిందని సూరాయమ్మ సణిగింది. వాటినే ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరపకాయల ముద్ద వేసి ఉడికించి, మేడ మీద డిష్ గొడుగులకూ నీళ్ల ట్యాంకులకూ మధ్య పాత దుప్పటి పరిచి గరిటెతో పెట్టుకుంటూ పోయింది. వరసలు వంకరపోయాయని దుర్గ నవ్వింది. తను వచ్చాక కోడలు నవ్వడం అదే మొదలు. సూరాయమ్మ అది గమనించింది.

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. దుర్గ ఉలిక్కిపడి లేచింది. కన్నంలోంచి చూసి, ఊపిరి పీల్చుకుని తలుపు తీసింది. వచ్చినతను వెంకటేష్. రాయచోటి దగ్గరి మనిషి, సులైబియా గోడౌన్లో లోడింగ్ పని చేస్తాడు. సూరాయమ్మ కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చింది.

"నాగేంద్రన్న ల్యాడా పెద్దమ్మా?"

"డ్యూటీకెళ్లాడు బాబూ. ఏం పనేంటి?"

"ఇయ్యాల బేస్తారం గదా, రేపు సెలవు, మా రూములో పిల్లోళ్లు కాసుకోనుండారు. సీసాలు పెట్టిపోయినాడేమో సూడు."

"ఏం సీసాలు?"

వెంకటేష్ దుర్గ వైపు చూశాడు. దుర్గ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"అదే పెద్దమ్మా, అన్న కాసే సారాయి. గోదుమలది. ఈ దేశంలో మందు బంద్ గదా, దొంగతనంగా దొరికేదంతా కెమికల్ నీళ్లు. అన్న చేతిది తాగితే తెల్లారి తలకాయ నొప్పుండదు. వోడ్కా అంటే వోడ్కానే!"

సూరాయమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "నీలం డ్రమ్ములోదా నాయనా?"

"ఆ, అదే."

"ఆ నీళ్లు పారబోశాను."

"యాడ?"

"తూములో."

వెంకటేష్ స్నానాల గది వైపు చూశాడు, ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందేమో అన్నట్టు. "గోదుమలు?"

"మేడ మీద వడియాలు పెట్టా."

"సంపినావు పో, పెద్దమ్మా," అని అతను లేచాడు. చెప్పులు వేసుకుంటూ, "వడియాలు నంజుకోను బాగుంటాయిలే, తాగేదానికే ఏమీ ల్యా," అని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

సూరాయమ్మ తలుపు మూసి కోడలి వైపు తిరిగింది.

"నీకు తెలుసు," అంది సూరాయమ్మ.

"తెలుసండీ. తాళం తీసి పెట్టింది నేనే."

"నాచేత పారబోయించావు."

"నేను పారబోస్తే నాలుగు తిట్టి మళ్లీ నానబోత్తారు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. మీరు చేస్తే..." దుర్గ ఆ మాట పూర్తి చేయలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని మంచం అంచున కూర్చుంది.

సాయంత్రం నాగేంద్ర చేపల సంచితో వచ్చాడు. చందువలు తెచ్చాడు, తల్లికి ఇష్టమని. సంచి తల్లి చేతికిచ్చి, కాళ్లు కడుక్కోడానికి వెళ్లి, తెరిచి ఉన్న సామాన్ల గది చూశాడు. ఖాళీ డ్రమ్ము చూశాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనేరా. వడియాలకనుకున్నా," అంది సూరాయమ్మ. "నాకేం తెలుసు?"

"ఏంటమ్మా నువ్వు? ఇంటికొచ్చి కాలు మీద కాలేసుకుని కూచోమంటే! అడగాలని లేదా?"

"అడిగారు," అంది దుర్గ. "నన్నడిగారు. నేనే అవునన్నాను."

నాగేంద్ర పెళ్లాం వైపు తిరిగాడు. కేకలేయబోయి, పక్కవాటా గోడ గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు మతి పోయిందా? జనం నన్ను నమ్ముకుని ఉన్నారు. నా దగ్గర లేదంటే ఎవడి దగ్గరో కెమికల్ తాగి చస్తారు. అది నీకు సరేనా?"

"వాళ్ల ప్రాణాలకి మీరు కాపలా. మరి లోపలున్న దీనికెవరండీ కాపలా?"

"మళ్లీ అదే మాట. కింది వాటాలో ఉన్న నాగన్న చేసింది వేరు, నేను చేసేది వేరని ఎన్నిసార్లు చెప్పాలి? వాడు ఎక్కడిదో కొని అమ్మాడు. అది తాగి ఎవడికో చూపు పోయింది, వాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. నాది ధాన్యం సరుకు. శుభ్రం."

"పోలీసులకి శుభ్రం చెప్తారా? ఆయన పెళ్లాం పిల్లాణ్ణి చంకనేసుకుని మెట్లు దిగుతా మన తలుపు వైపు చూసింది. నాకింకా ఆ చూపే కనపడతంది."

నాగేంద్ర తల్లి పక్కన కూలబడ్డాడు. ఈసారి గొంతులో కోపం లేదు. "అమ్మా, నువ్వన్నా అర్థం చేసుకో. మన ఊళ్లో ఎవరింట్లో శుభకార్యమైనా ఆవకాయ కలపడానికి నిన్నే పిలిచేవారు. సూరాయమ్మ చెయ్యి పడాలనేవారు. నన్నెప్పుడైనా ఎవరైనా అలా పిలిచారా? ఇక్కడ పిలుస్తున్నారు. నాగేంద్ర చెయ్యి అంటున్నారు. నీ చెయ్యే నాకొచ్చింది."

సూరాయమ్మ తన చేతుల వైపు చూసుకుంది. గోధుమపిండి గోళ్లలో ఎండిపోయి ఉంది.

"నా చేతి ఆవకాయ పెట్టుకుని ఎవడూ తలుపు గడియ పెట్టుకోలేదురా," అంది.

అతనేదో అనబోయాడు. అంతలో తలుపు మీద దబదబా బాదారు.

ఒక్క క్షణంలో ఇల్లు మారిపోయింది. నాగేంద్ర లేచి దీపం ఆర్పాడు. సామాన్ల గది తలుపు లాగి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. దుర్గ, ఎవరూ చెప్పకుండానే, అంత పొట్టతో వంగి ఫ్రిజ్ వెనక సందులోకి జరిగి నేల మీద కూర్చుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదంతా ఎన్నోసార్లు చేసి అలవాటైన పనిలా జరిగింది. సూరాయమ్మ మాత్రం గది మధ్యలో, చీకట్లో, చేపల సంచితో నిలబడిపోయింది.

మళ్లీ బాదారు. ఎవరూ కదలకపోతే ఆవిడే సంచి కింద పెట్టి వెళ్లి గడియ తీసింది.

బయట బిల్డింగు కాపలాదారు. ఈజిప్టు మనిషి, ముసలివాడు. చేతిలో దుప్పటి మూట. మళ్లీ గాలి లేచిందని, గుడ్డ ఎగిరి ట్యాంకులో పడుతుందని, వచ్చీరాని హిందీలో, చేతులతో చెప్పాడు. మూట విప్పి, వీటినేమంటారని అడిగాడు. సూరాయమ్మకు భాష తెలియదు. ఓ వడియం తీసి తన నోటి దగ్గర పెట్టుకుని తినేదని చూపించింది. ఆయన నవ్వి, మూట ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సూరాయమ్మ తలుపు వేసి దీపం వేసింది.

కొడుకు ఇంకా ఆ తలుపుకు అతుక్కునే ఉన్నాడు. చెమటకు చొక్కా వీపుకంటుకుపోయింది. కోడలు నేల మీంచి లేవలేక గోడ పట్టుకుని ప్రయత్నిస్తోంది. సూరాయమ్మ మూట కింద పడేసి వెళ్లి కోడల్ని రెండు చేతులా పట్టి లేపింది. అప్పుడొచ్చాయి ఆవిడకు కన్నీళ్లు. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

"ఇంటికి మనిషొస్తే దీపం పెడతాం నాగేంద్రా," అంది. "నువ్వు ఆర్పుతున్నావు. రేపు పుట్టేవాడికి మొదట నేర్పేది ఇదేనా? ఎవరన్నా తలుపు కొడితే దాక్కోమనా?"

నాగేంద్ర తలుపు దగ్గరే చతికిలబడ్డాడు. భార్య మోకాళ్లకంటిన మట్టి చూశాడు. తర్వాత చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టే, చప్పుడు లేకుండా ఏడ్చాడు. దుర్గ దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది.

కాసేపటికి అతను లేచి ముఖం కడుక్కున్నాడు. సామాన్ల గదిలోంచి మూతకు బెజ్జం పెట్టిన కుక్కరూ, గొట్టాలూ, ఖాళీ సీసాలూ తీసి సంచుల్లో కుక్కాడు. డ్రమ్ము నెత్తిన పెట్టుకున్నాడు. పైకీ కిందకీ తిరిగి అన్నీ చెత్త డబ్బాల్లో పడేసి వచ్చాడు. మెట్ల మీదే వెంకటేష్‌కు ఫోన్ చేసి రెండు మాటలు చెప్పడం ఇంట్లోకి వినిపించింది. "ఖలాస్ వెంకటేషూ, మానేశాను. ఇంక నన్నడగొద్దు." అవతల అతను ఏమన్నాడో తెలియదు. నాగేంద్ర మళ్లీ అదే మాట అని పెట్టేశాడు.

ఈలోగా సూరాయమ్మ చేపలు కడిగి పులుసు పెట్టింది. దుర్గ అన్నం వార్చింది. నేల మీద చాప పరిచి ముగ్గురూ కూర్చున్నారు. తల్లి పెద్ద ముక్క కొడుకు కంచంలో వేస్తే, అతను దాన్ని దుర్గ కంచంలోకి మార్చాడు.

అన్నం సగంలో ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బూట్ల అడుగులు. పైకి వస్తున్నాయి. దుర్గ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆమె భర్త వైపు చూసింది. నాగేంద్ర తలెత్తలేదు. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. అడుగులు తలుపు దాటి పై అంతస్తుకు వెళ్లిపోయాయి. దీపం వెలుగుతూనే ఉంది. దుర్గ ముల్లు తీసి పక్కన పెట్టి, అన్నం కలుపుకుంది.