ఫైవ్ నైన్ అనని గొంతు

"సాయంత్రం అయిదింటికి మన మనిషి సరిహద్దు దాటుతున్నాడు. ఎక్కడ దాటేదీ ఆఫీసులోంచి పొక్కింది. అది అవతలికి చేరితే వాళ్ళు తుపాకులతో కాచుక్కూర్చుంటారు," అన్నాడు చీఫ్, ఒక ఫొటో ముందుకు తోసి.

ఏజెంట్ పదకొండు ఫొటో చూసి నోరు తెరిచాడు. అది బావ ఫొటో. అక్క మొగుడు కుట్టుమిషన్ల సేల్స్‌మన్ అని ఎనిమిదేళ్ళుగా నమ్ముతున్నాడు. బావ కూడా పదకొండుని ఏదో ఆఫీసులో గుమాస్తా అనే అనుకుంటున్నాడు.

చీఫ్ మిగతా సంగతి క్లుప్తంగా చెప్పాడు. లైసెన్స్ తీసుకుని ఇంట్లోనే రేడియో స్టేషన్ పెట్టుకునే హామ్‌లు ముగ్గురు రోజూ నాలుగున్నరకి ఒకే ఫ్రీక్వెన్సీలో కలుసుకుని కబుర్లాడతారు. ముందు కుశల ప్రశ్నలు, తర్వాత ఒక్కొక్కరికీ ఒక వంతు. ఆ కబుర్లలోనే ఎవరో రహస్యం దాచి పంపుతున్నారు. కబుర్లు నడిపేది రిటైరైన పోస్ట్‌మాస్టర్. రెండో మనిషి డెంటిస్ట్. మూడో మనిషి సంగీతం టీచర్.

"టీచర్ మన ఇన్‌ఫార్మర్. రెండు నెలల క్రితం పుస్తకం చూసి రేడియో నేర్చుకుంది. డెంటిస్ట్ మీద అనుమానం చెప్పింది ఆవిడే. అతను మొదలుపెట్టగానే ఆ మాట ఎవరికీ వినపడకుండా నీ సిగ్నల్‌తో నొక్కెయ్. అతని ఇంటి దగ్గర కాచుకున్న మన వ్యాన్ వాళ్ళు మైకుతో సహా పట్టుకుంటారు. అవకాశం ఒక్కటే. తప్పు మనిషిని నొక్కావో, అసలు మనిషి ఇంకో ఫ్రీక్వెన్సీకి జారుకుంటాడు."

టీచర్ ఫొటోలో నల్ల కళ్ళద్దాలు, సిల్క్ స్కార్ఫ్, ఓరచూపు ఉన్నాయి. పదకొండు దాన్ని పనికి కావలసినదానికంటే రెండు క్షణాలు ఎక్కువే చూశాడు.

పన్నెండింటికల్లా కొత్త హామ్ వేషంలో తన వాటా డాబా మీద ఉన్నాడు. డిపార్ట్‌మెంట్ మెకానిక్ గర్వంగా చేసిచ్చిన యాంటెన్నా గొడుగు ఆకారంలో ఉంది. తెరిచాక అది మూసుకోలేదు. మీటర్ ముల్లు ఎరుపులోకి పోయి కూర్చుంది. అంటే రేడియో పంపిన పవర్‌లో సగం గాలిలోకి పోకుండా వెనక్కే వస్తోంది. పదకొండు గొడుగుని తన్ని, నీళ్ళ ట్యాంకు నుంచి ఎదురు గోడ దాకా రాగి తీగ కట్టాడు. తీగ పొడవైంది. కత్తిరించాడు. ఇంకా పొడవే. మళ్ళీ కత్తిరించాడు. ఈసారి పొట్టిదైంది. మొదటికి వచ్చాడు. అరచేతులు కోసుకుపోయాయి, చొక్కా తడిసి ముద్దయింది.

ఇంతలో కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చింది. తన టీవీలో హీరోయిన్ ఏడుస్తుంటే మధ్యలో మగగొంతు "హలో టెస్టింగ్" అంటోందట. ఆవిడ అక్కకి స్నేహితురాలు కాబట్టి చేతులు జోడించి పంపించాడు. బావ ప్రాణం ఈ వెధవ తీగ మీద ఆధారపడిందన్న ఆలోచనకి అతనికి ఏడుపొక్కటే తక్కువ.

నాలుగున్నరకి కింద గదిలో రేడియో ముందు కూర్చుని, ముల్లు ఎరుపు అంచున ఊగుతుండగానే మైకు తీశాడు. కొత్తవాణ్ణనీ, తన సిగ్నల్ ఎలా ఉందో చెప్పమనీ అడిగాడు.

"ఫైవ్ నైన్ బాబూ," అన్నాడు పోస్ట్‌మాస్టర్. నూటికి నూరన్నమాట. "ఖంగున మోగుతోంది. ఇంతకీ మీ పేరేమిటన్నారు?"

డెంటిస్ట్ కూడా ఫైవ్ నైన్ ఇచ్చి, ఏ ఊరో ఇంకొక్కసారి చెప్పమన్నాడు. అసలు వినపడ్డం లేదని పదకొండుకి అర్థమైంది. ఈ మర్యాదస్తులతో ఎలా వేగాలి?

అప్పుడు టీచర్ తీయగా అంది: "త్రీ త్రీ అండీ. సగమే వినపడుతోంది. గాలి వీచినప్పుడల్లా తెగుతోంది. రేడియో నుంచి వచ్చే కేబుల్ తీగని కలిసేచోట అతుకు వదులుగా ఉంది. చూసుకోండి."

పదకొండు డాబా మీదికి పరుగెత్తాడు. నిజమే, అతుకు ఊగుతోంది. టంకం పెట్టి బిగించి కిందికొచ్చాడు. ముల్లు దిగి సున్నా పక్కన బుద్ధిగా నిలబడింది. నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి అనుకుంటూ, ఆవిడ మీద అభిమానం పొంగి, మైకు ముందు కూర్చున్నాడు.

పోస్ట్‌మాస్టర్ డెంటిస్ట్‌ని పిలిచాడు. నాలుగూ నలభై మూడు. పదకొండు వేలు మైకు బటన్ మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న హామ్‌లు ఇద్దరూ కొత్తవాడి మనసు నొప్పించలేక ఫైవ్ నైన్ ఇచ్చారు. పుస్తకం చూసి రెండు నెలల్లో నేర్చుకున్న ఆవిడ, ఊరికి ఆ చివర కూర్చుని అతుకు వదులని ఎలా కనిపెట్టింది? అంత చెవి సరదాకి నేర్చుకున్నవాళ్ళకి రాదు. ఒక్క అక్షరం పోతే కొంప మునిగే గూఢచారి ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే వస్తుంది.

చీఫ్‌కి ఫోన్ చేసి వ్యాన్‌ని టీచర్ ఇంటికి మళ్ళించమన్నాడు.

"పావుగంట పడుతుంది. నువ్వు పొరబడితే?"

"మా అక్కకి మొహం చూపించలేను సార్."

డెంటిస్ట్ గొంతు నొక్కకుండా వదిలేశాడు. ప్రతి మాటా విన్నాడు. ఆ మహానుభావుడు ఒక్క జ్ఞానదంతం ఎలా పీకాడో పద్నాలుగు నిమిషాలు వర్ణించాడు. అందులో రహస్యం ఉందో, దంతమే ఉందో తెలియక పదకొండు ప్రాణం విలవిల్లాడింది.

నాలుగూ యాభై ఏడు. "ఇవాళ నా పిల్లలకి కొత్త పాట..." అని టీచర్ అందుకుంది.

పదకొండు బటన్ నొక్కాడు. ఏం మాట్లాడాలో తోచక, రేడియోతో వచ్చిన మాన్యువల్ తెరిచి గొంతు చించుకుని చదివాడు. తడి బట్టతో తుడవరాదు. ఎండలో ఉంచరాదు. బటన్ వదిలి చూస్తే ఆవిడ ఇంకా ఉంది. ఈసారి గొంతులో తీపి లేదు. మళ్ళీ నొక్కి వారంటీ షరతులన్నీ చదివాడు. అయిదింటికి అర నిమిషం ఉందనగా వదిలాడు. తలుపు బద్దలైన చప్పుడు, ఎవరిదో బూటు చప్పుడు వినిపించి, ఆ గొంతు తెగిపోయింది.

తర్వాత రేడియోలో పోస్ట్‌మాస్టర్ గొంతు వచ్చింది. ఆడమనిషి మాట్లాడుతుంటే అడ్డుపడటం హామ్ లక్షణం కాదనీ, లైసెన్స్ రద్దు చేయించేదాకా నిద్రపోననీ చెప్పాడు. ఆరింటికి చీఫ్ ఫోన్ చేసి, బావ క్షేమంగా దాటాడనీ, లైసెన్స్ మాత్రం నిజంగానే పోతుందనీ చెప్పాడు.

రెండు రోజులకి అక్క ఫోన్ చేసింది. "ఆయన ఊళ్ళు పట్టుకు తిరిగి, సగమై వచ్చార్రా. నువ్వేమో ఆఫీసు ఎగ్గొట్టి డాబా మీద తీగలు కట్టుకుని, కింది వాటా ఆవిడ్ని టీవీ కూడా చూడనివ్వలేదట. సిగ్గులేదూ?"

పదకొండు పళ్ళు కొరుక్కుని, లేదన్నాడు.

బావ ఫోన్ అందుకున్నాడు. "మా కంపెనీలో చెప్పి ఏదైనా ఉద్యోగం వేయించనా? కాస్త కష్టపడాలి మరి. నువ్వు తట్టుకోలేవేమో."