పోయొస్తా

మధ్యాహ్నం అన్నాలవేళ. ధర్మవరంలో మాధవీలత పట్టుచీరల అంగడి పైగదిలో ఆస్మా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెరమీద ఉన్నది ఆ అంగడి నడిపే నేతగాళ్ల వెబ్ ఫోరం. ఫోరం అంటే ఏదో పెద్దదనుకునేరు! పట్టు రంగు వదిలితే ఏం చేయాలి, జరీ నల్లబడితే ఎవరిని అడగాలి, ఇవే కబుర్లు. దాని ప్రోగ్రాం రాసింది ఆస్మా తమ్ముడు జాకీర్. మూడు నెలల కిందట హిందూపురం నుంచి బండి మీద వస్తూ పెనుకొండ దగ్గర చనిపోయాడు. అప్పటినుంచి అందులోని తప్పులు దిద్దే పని ఆమెది. ఇల్లంతా ఏడ్చింది గానీ, ఆస్మాకు మాత్రం కంట చుక్క రాలేదు.

మాధవీలత మెట్ల మీదనుంచే కేకేసింది.

"ఏమే ఆస్మా, ఆ లాగౌట్ మాట మార్చినావా? 'పోతాండా' అనేది తిరిగి రానోళ్ల మాట. 'పోయొస్తా' అనల్ల! నేసేటోళ్లు తిడతాండారు."

"మారుస్తాండా అక్కా."

"అట్నే మీ తమ్ముని ఖాతా గూడా తీసెయ్ తల్లీ. ఇంకెందుకు?"

ఆ లాగౌట్ మాట జాకీర్ తమాషాకు పెట్టింది. ఎవరు లాగౌట్ అయినా వాళ్ల పేరు కింద 'పోతాండా' అని నిలిచిపోతుంది. ఆస్మా ఒక్కచోట మార్చింది, అందరి పేర్ల కిందా మారింది. ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టుల్లో పదహారు ఇంకా పాత మాటనే వెతుకుతున్నాయి. వాటిని సరిదిద్ది, పనికిరానివి తీసేసింది. ఖాతా తీసేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. వాడిదంటూ మిగిలింది అదొక్కటే. టెస్టులు నడిపింది. అన్నీ పాసయ్యాయి.

జాకీర్ పేరు కింద కూడా... 'పోయొస్తా'.

పక్కింటి మగ్గం చప్పుడు ఆగింది. గదిలో పెట్రోలు వాసన. తడిమట్టి వాసన. వెనక నేల మీద ఏదో ఈడ్చిన అలికిడి.

ఆమె తిరగలేదు. భయం వేయలేదు. వేయాల్సింది.

"జాకీర్... వచ్చినావా?"

భుజం మీద చెయ్యి పడింది. చల్లగా, బరువుగా. మెల్లగా నిమిరింది. మూడు నెలల తర్వాత ఆస్మాకు ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ చేతికి చెంప ఆనించింది.

అప్పుడు తెరమీద జాకీర్ పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు పచ్చచుక్క వెలిగింది. కింద ఒక్కో అక్షరమే పడసాగింది.

"అక్కా... నేనింకా దోవలోనే ఉండా... నడిచి వస్తాండా..."

చెంప కింద వేళ్లు కదలడం ఆగింది.

"నీ యెనకాల ఉండేది ఎవరు?"