పురుగు చెప్పిన సాక్ష్యం

మా యూనివర్సిటీ ప్రాచీన భాషల విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా జరిగే స్టాఫ్ అభినందన సభలో, చప్పట్లు అందుకునేవాళ్లు ముందుగా తాము చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి.

"గొప్పలు మేం చదువుతాం, తప్పు మీరు చెప్పండి" అంటారు మా హెడ్ మేడమ్.

నిఘంటువు పూర్తిచేసిన మాస్టారు, పదకొండేళ్ల పనిలో ఒక అక్షరం మొత్తం మర్చిపోయి మళ్లీ మొదలెట్టానని ఒప్పుకున్నారు. ఆ తర్వాత నా వంతు. నా పుస్తకానికి అవార్డు వచ్చింది మరి.

నా దగ్గర రెండు తప్పులున్నాయి. రెండోదానికి బాధపడ్డ మనిషి చివరి వరుసలోనే కూర్చుంది. నెల రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

ఆమె మా లైబ్రరీలో పాత ప్రతులు బాగుచేస్తుంది. రెండేళ్ల కిందట ఒకరోజు వానలో తడిసి ఆమె గదిలోకి దూరాను.

"గొడుగు బయట పెట్టండి. ఏదీ ముట్టుకోకండి."

"నేను లెక్చరర్‌నండీ."

"అయితే మీ తడి అంటుకోదా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె పట్టించుకోకుండా, బల్ల మీదున్న కావ్యప్రతి చూపించింది. నేను పాఠం చెప్పే కావ్యమే అది; మా అచ్చుపుస్తకానికి మూలం ఆ ప్రతే.

"ఇందులో రెండు కాగితాలు తారుమారయ్యాయి."

"ఎవరు చెప్పారు?"

"పురుగు. ఈ రంధ్రం చూడండి, కాగితం కాగితానికీ కొద్దికొద్దిగా పక్కకి జరుగుతూ వచ్చింది. ఇక్కడ మాత్రం ఒక్కసారి ఎగిరి దూకింది. పురుగులు దూకవండీ."

నేను కుర్చీలో కూలబడ్డాను. "మూడేళ్లుగా చెబుతున్నాను. భార్య వెళ్లకముందే భర్త ఏడుస్తాడు. రాబోయే ఎడబాటును ముందే పసిగట్టాడని గంటసేపు వివరిస్తాను."

"పాపం. ముందు ఆవిణ్ణి వెళ్లనివ్వండి, తర్వాత ఆయన్ని ఏడవమనండి."

నా పుస్తకం ఆ రోజే పుట్టింది. అప్పట్నుంచి బైండింగ్ ఊడిందంటూ వారానికో పుస్తకం పట్టుకుని ఆ గదికి వెళ్లేవాణ్ణి.

సభలో ఇదంతా చెబితే హాలంతా నవ్వింది. ముందు వరుసలో అమ్మ కూడా నవ్వింది.

"రెండో తప్పు ఇంకా పెద్దది" అన్నాను. "పుస్తకంలో ఆమె గురించి ఒక పేజీ రాశాను. స్టాఫ్ రూమ్‌లో ఆమె పేరుతో ఏడిపిస్తారని భయపడి తీసేశాను. మిత్రులందరికీ కృతజ్ఞతలని సరిపెట్టాను. ఈ పుస్తకానికి పునాది వేసిన మనిషిని నా పిరికితనంతో దాచేశాను. క్షమించండి."

జేబులోంచి ఆ పేజీ తీసి చదివాను. ఆ గదిలో గడిపిన రోజులే నా జీవితంలో మంచి రోజులు అన్న ఆఖరి వాక్యం కూడా వదలకుండా చదివాను.

హెడ్ మేడమ్ లేచి, సుద్దముక్క తీసుకుని, అభినందన అందుకునేవాళ్ల పేర్లున్న బోర్డు మీద నా పేరుకి పైన ఆమె పేరు రాశారు. ఆ బోర్డు మీద ఇన్నేళ్లూ పాఠాలు చెప్పేవాళ్ల పేర్లే ఉండేవి. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె అలాగే నిలబడిపోయింది. అవార్డు వచ్చిన రోజు కూడా నాకింత గర్వం కలగలేదు.

నేను వేదిక దిగేసరికి అమ్మ చివరి వరుసలో ఆమె పక్క కుర్చీలో చేరిపోయింది.

"మావాడు ఇంట్లో పుస్తకాలన్నీ చింపుకుంటుంటే మతి చెడిందనుకున్నానమ్మా. ఇప్పుడర్థమైంది."

"నాకు మొదటి వారమే అర్థమైందండీ" అందామె. "చిరుగు వేరు, బ్లేడు కోత వేరు."

నా మొహం కందిపోయింది. "మరి చెప్పలేదేం?"

నెల రోజుల్లో మొదటిసారి ఆమె నా వైపు చూసింది.

"చెబితే మీరు రావడం మానేస్తారుగా."

అమ్మ తన కుర్చీలోంచి లేచి పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.