ఒక బట్ట తక్కువ

లుబోవా గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. నిన్నటిదాకా ఆ గదిలో చప్పట్లు కొడితే ఖాళీ డబ్బాలో రాయి పడ్డట్టు మోగేది. ఇప్పుడు ఆ మోత లేదు.

"చూశావా, ఏం పనిచేస్తోందో ఈ బట్ట!" అన్నాడు భార్యతో.

నకిమెరా గుమ్మం దాటి లోపలికి రాలేదు. మైకు వెనక గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన చెట్టు బెరడుని సాగగొట్టి చేసిన ఎర్రమట్టి రంగు బెరడు బట్టనే చూస్తోంది.

"ఇది నాయనమ్మకని కొన్నది కదయ్యా? మళ్ళీ ఇంటికెలా వచ్చింది?"

"అది వేరు. రెండు కొన్నాను."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే సిగ్గేసింది.

కంపాలాలో పరదేశపు సినిమాలకి లుగాండా భాషలో మాటలు చెప్పేవాళ్ళలో లుబోవాది ఇంకా కొత్త గొంతు. సినిమాహాలు యజమాని మొదటి సినిమాని తిప్పి పంపేశాడు. "స్నానాలగదిలో కూర్చుని చెప్పావేంట్రా?" అని పదిమందిలో నవ్వాడు. రెండోది ఈ సాయంత్రంలోగా ఇవ్వాలి. ఇది కూడా పోతే ఇక ఎవరూ పిలవరు.

సరిగ్గా ఆ సమయంలోనే మసాకా దగ్గర ఊళ్ళో నాయనమ్మ పోయింది. ఆచారం ప్రకారం బంధువులు తలా ఒక బెరడు బట్ట తేవాలి, ఎవరు తెచ్చిందో అందరిముందూ చదవాలి, ఆ బట్టలన్నీ శవానికి చుట్టాలి. లుబోవా తెచ్చిన బట్ట అన్నిటికంటే దళసరిది. తన పేరు చదువుతుంటే గర్వంగా తలెత్తుకున్నాడు. తీరా బట్టల మోపు లోపలిగదిలో పెట్టి రమ్మంటే, తన బట్టని మాత్రం దొడ్డిదారిన తీసుకెళ్ళి కారులో దాచాడు. మట్టిలో కుళ్ళిపోయేదే కదా, ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు. కథ చెప్పడం అతనికి నేర్పింది నాయనమ్మే. పొయ్యి ముందు కూర్చుని సింహం గొంతు, కుందేలు గొంతు, దొంగ గొంతు అన్నీ ఒక్కతే పలికేది.

రికార్డింగుకి కూర్చోబోతుంటే మేనత్త ఫోను చేసింది.

"ఒరే, నీ బట్టనే అన్నిటికంటే లోపల, ఒంటికి ఆనేలా చుట్టమన్నానురా. అమ్మకి చలెక్కువ కదా!"

"మంచి పని చేశావత్తా" అని ఫోను పెట్టేశాడు.

కిటికీకి పరుపు అడ్డం పెట్టి తలుపు మూశాడు. మిట్టమధ్యాహ్నమే అయినా గది చీకటైపోయింది. బెరడు బట్ట పొగవాసన వేస్తోంది. దాని అడుగున ఇంకో వాసన... నాయనమ్మ చేతులకి రాసుకునే నెయ్యిది. మనసులోంచి ఆ ఆలోచన తోసేసి, మైకు తీగ కంప్యూటరుకి తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ముందుగా కాసేపు నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. గదిలో ఉండే హోరు ఏమిటో కంప్యూటరు అందులోంచి తెలుసుకుని, తర్వాత మాటల్లోంచి తీసేస్తుంది. లుబోవా ఊపిరి బిగబట్టాడు.

తెర మీద చప్పుడుని చూపించే ఆకుపచ్చ గీత కదిలింది.

తను కదల్లేదు. గీత మళ్ళీ కదిలింది. చెవుల్లో సన్నగా... టకటకా... టకటకా... చలికి వణికేవాళ్ళ పళ్ళ చప్పుడు.

"ఎవరు?"

చప్పుడు ఆగింది. తర్వాత మైకుకి బాగా దగ్గరగా, బట్ట వైపు నుంచి గుసగుస.

"అందరివీ వచ్చాయి... నీదేదిరా, నాన్నా?"

లుబోవా హెడ్‌ఫోన్లు విసిరికొట్టి, మేకులతో సహా బట్టని పీకి బయటికి పరిగెత్తాడు.

"రెండు కాదే, ఒకటే కొన్నాను" అన్నాడు ఏడుస్తూ.

నకిమెరా కారు తాళాలు తీసి చేతిలో పెట్టింది.

ఊళ్ళో అరటితోటలో నాయనమ్మ సమాధి మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. చేతులతో తవ్వి, మోచేతుల లోతున బట్టని కూరి, మళ్ళీ మట్టి కప్పాడు. తప్పయిపోయింది నాయనమ్మా అని నేలకి తల ఆనించి ఏడ్చాడు. సినిమాహాలు యజమాని చేస్తున్నాడేమో, జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీయలేదు.

మర్నాడు పొద్దున గదిలో పరుపు తీసేసి కిటికీ తెరిచాడు. గోడ బోసిగా ఉంది. నకిమెరా టీ తెచ్చింది.

"ఇక మళ్ళీ స్నానాలగదే!" అని ఆటపట్టించింది.

లుబోవాకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. సరదాగా చప్పట్లు కొట్టాడు.

మోగలేదు.

గోడ వైపు చూశాడు. మేకుల కన్నాలు తప్ప ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు... చప్పుడు ఇంకా తగ్గింది. భయపడి గట్టిగా, అరచేతులు మండేలా కొట్టాడు. ఈసారి తన చప్పట్లు తనకే వినిపించలేదు.

ఎదురుగా నకిమెరా ఏదో అంటోంది. పెదవులు కదలడం మాత్రమే కనిపిస్తోంది.

చొక్కా లోపల, పొగవాసన వేస్తూ గరుకుగా ఏదో ఒంటికి ఆనుకుంది.