ఐసు ఫ్యాక్టరీ సిగ్నల్ దగ్గర ఊపిరి

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ముందున్న సిగ్నల్‌కి మంచి పేరు లేదు. ఎప్పుడో అక్కడ పనిచేసే ఒకావిడ చల్లగదిలో చిక్కుకుపోయిందట. తలుపు తియ్యమని అరిచీ అరిచీ, గొంతు పోయి, చివరికి ఒట్టి ఊపిరే మిగిలిందట. రాత్రిపూట ఎర్రలైటు పడి బండి ఆగిందా... చెవి పక్కనే "హుస్స్‌స్" మంటుందట. అదీ డ్యూటీ దిగి ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళకేనట. ఈ ముక్క మాత్రం మగవాళ్ళే ఎక్కువ శ్రద్ధగా చెబుతారు.

ఊపిరితిత్తుల వార్డులో పనిచేసే ఓ నర్సుకి జరిగిందిది. వార్డులో ఆయాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమె దారిలో పొడుగాటి సిగ్నల్ అదొక్కటే. కొన్నాళ్ళుగా కారు అక్కడ ఆగగానే వణకడం మొదలెట్టింది. ఇంజిన్ ఓసారి తిరిగి, ఓసారి తప్పి, ఎక్కిళ్ళు పెట్టి, ఒక్కోసారి ఆగిపోయేది. పచ్చలైటు పడి వేగం అందుకుంటే ఏమీ ఎరగనట్టు నడిచేది.

మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. కంప్యూటర్ తగిలించి చూశాడు. "లోపలికి గాలెక్కువ పోతోందక్కా, దానికి తగ్గ పెట్రోలు లేదు. ఎక్కడ్నుంచి పీలుస్తోందో దొరకలేదు," అని చేతులు తుడుచుకున్నాడు.

ఇంట్లో మాత్రం రోగం ఎప్పుడో తేలిపోయింది.

"చెప్పానా, అది ఆవిడ పనే," అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

"సాయంత్రం డ్యూటీ మానెయ్యమ్మాయ్. ప్రాణం కంటేనా?" అంది అత్తగారు.

ఆ డ్యూటీ కోసం నర్సు ఎందరి కాళ్ళావేళ్ళా పడిందో వాళ్ళకి తెలుసు. తెలిసే అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది — భర్త పక్కన కూర్చుని వస్తాడు. అతని ముందు కూడా బండి ఆగిపోతే, పొద్దున్నే రాజీనామా.

ఆ రాత్రి ఎర్రలైటు పడింది.

బండి వణికింది... ఎక్కిళ్ళు పెట్టింది... ఠక్కున ఆగిపోయింది.

"చూశావా?" అన్నాడు భర్త. గొంతులో భయం కంటే సంబరమే ఎక్కువ.

నర్సు హాండ్‌బ్రేక్ లాగి, మళ్ళీ స్టార్ట్ చేసింది. నడవలేక నడుస్తున్న ఇంజిన్‌ని అలాగే వదిలి, బానెట్ ఎత్తింది. బ్యాగులోంచి స్టెతస్కోపు తీసి, కింది బిళ్ళ ఊడబీకి, ఒట్టి గొట్టం మాత్రం ఇంజిన్ మీద ఆనించీ ఆనించనట్టు పట్టుకుంది. పిల్లికూతలు వినడం ఆమెకి రోజూ ఉన్న పనేగా.

"పిచ్చా నీకు? కారుకి దగ్గొచ్చిందా?" దిగి వచ్చి నవ్వాడు భర్త.

"ష్... ఊపిరి వినబడుతోంది."

అతని నవ్వు ఆగింది. "ఎ... ఎవరిది?"

గొట్టం ముందు నుంచి పక్కకి పాకింది. పక్క నుంచి లోపలికి. అంతలో వీధి దీపాలు పోయాయి. సిగ్నల్ ఎర్రటి వెలుగొక్కటే, ఫ్యాక్టరీ గేటు మీద...

హుస్స్‌స్...

"వినబడిందా?" అంది నర్సు మెల్లగా.

భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇక చాలే! ఇంజిన్ వెనకాల, ఆ నల్ల డబ్బా కింద సన్నపైపు ఉంటుంది, తగిలించెయ్! పోదాం పదవే, నీకు దణ్ణం పెడతా!"

ఆమె డబ్బా కింద చెయ్యి పెట్టింది. చిటికెన వేలు దూరేంత బొక్క, గాలిని చప్పరిస్తోంది. పక్కనే రబ్బరు పైపు. చిరగలేదు, ఎండలేదు. నీటుగా పీకి, కనబడకుండా వెనక్కి మడిచి ఉంది. తగిలించింది.

ఇంజిన్ ఒక్కసారిగా సర్దుకుంది. ఎక్కిళ్ళు లేవు, వణుకు లేదు. మందు పడ్డ రోగిలా నెమ్మదిగా, సమంగా ఊపిరి తీస్తోంది.

నర్సు బానెట్ దించింది.

"మెకానిక్‌కే దొరకని పైపు," అంది, "మీకెలా తెలుసండీ?"

అతను ఓ అడుగు వెనక్కి వేశాడు.

రోడ్డు పక్క, ఫ్యాక్టరీ తుప్పుపట్టిన గేటు వెనక నుంచి, ఎవరో చాలాసేపు బిగబట్టి వదిలినట్టు —

హుస్స్‌స్...

ఈసారి ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ఇంజిన్ వైపు చూడలేదు.

నర్సు స్టీరింగ్ ముందు కూర్చుంది. తలుపులన్నీ టక్కుమని లాక్ పడ్డాయి. భర్త అద్దం మీద బాదాడు. "ఏయ్! తియ్యవే! తలుపు తియ్యి!"

ఆమె అద్దం వేలెడంత దించింది.

"ఆవిడ పేరు చెప్పుకుని ఇన్నాళ్ళు బతికారుగా," అంది గుసగుసగా. "ఓసారి పలకరించి రండి."

పచ్చలైటు పడింది.